అక్కవాళ్ళ జీపు చక్రాలు

మా అక్కంటే నాకు ప్రాణం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకమీదట రాయబోయేదంతా ఆవిడ మీద నాకున్న కుళ్ళు గురించే. కుళ్ళు అన్న మాట బాగాలేదు, అసూయ అని రాయమంటుంది మా మనవరాలు. అసూయ చదువుకున్నవాళ్ళకి ఉంటుంది. కొల్లేటి గట్టు మీద పెరిగినదాన్ని, నాకున్నది కుళ్ళే. కడుపునిండా ఉండేది.

మా ఊరు కొల్లేటి అంచున. ఏలూరు వెళ్ళాలంటే మట్టి గట్టు మీద పోవాలి, ఒక పక్క కాలవ, ఇంకో పక్క కిక్కిస పొదలు. మా నాన్న రేవులో చేపలు కొని, గంపల్లో ఐసు వేయించి, ఏలూరు స్టేషనుకి చేర్చి కలకత్తా పోయే రైలుకి ఎక్కించేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. నాన్నకి ఇద్దరు అల్లుళ్ళు, ఇద్దరికీ చెరో జీపు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలేసిన బండ్లు తాడేపల్లిగూడెంలో అమ్ముతుంటే ముందు మా బావగారు ఒకటి కొన్నారు. ఆయన కొన్నారని మేమూ కొన్నాం. కొన్నాం అంటే, నేను కొనిపించాను. మా ఆయన లారీ డ్రైవరు, మెత్తటి మనిషి, ఆయన్ని వదిలేస్తే పక్కవాడి బండి తుడుస్తూ జీవితం గడిపేసేవారు.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. అన్నీ ఆవిడకే ముందు. కొత్త పరికిణీ ముందు ఆవిడకి, పాతబడ్డాక నాకు. పెళ్ళి ముందు ఆవిడకి, సరే, అది న్యాయమే అనుకోండి. కానీ నాన్న జీపులో ఏలూరు వెళ్ళేటప్పుడు ముందు సీట్లో కూర్చునేది కూడా పెద్దల్లుడి బండిలోనే. మా బండిలో గంపలు ఎక్కించి, తను వెళ్ళి అందులో కూర్చునేవాడు. మా ఆయన ఏమీ అనుకునేవారు కాదు. ఆ అనుకోవడమంతా నేనే అనుకునేదాన్ని.

ఒక వేసవి చివర బావగారు బెజవాడ వెళ్ళి చాలా రోజులు రాలేదు. వచ్చిన రోజున ఊళ్ళో పిల్లలందరూ ఆయన బండి వెనక కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చారు. నేను చేటలో బియ్యం ఏరుకుంటున్నదాన్ని, చేట అక్కడే పడేసి బయటికొచ్చాను. జీపుకి కొత్త టైర్లు. మామూలు జీపు టైర్లు కావు, మిలిటరీ పెద్ద బండ్లకి వేసేవి. ఒక్కో టైరు నా నడుం దాకా వచ్చింది. పైన పళ్ళు పళ్ళుగా రబ్బరు. చక్రాలు మడ్‌గార్డులు దాటి బయటికి పొడుచుకొచ్చాయి, సంతలో మోచేతులు చాచి నడిచే పెద్దమనిషిలా ఉంది ఆ బండి. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాకు కళ్ళు కుట్టాయి. నిజంగానే కుట్టాయి, చెంగుతో తుడుచుకోవలసి వచ్చింది.

అక్క బిందె చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చక్రాల వంక ఒకసారి చూసి, "బాగున్నాయి" అని నీళ్ళకి వెళ్ళిపోయింది. నాకు అలాంటి టైర్లొస్తే ఊరంతా తిరిగి చెప్పేదాన్ని. ఆవిడకి లెక్కే లేదు. ఆ నిర్లక్ష్యం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

తొలకరి పడగానే ఆ టైర్ల సంగతేమిటో అందరికీ తెలిసింది. కొల్లేటి మట్టి ఎండలో రాయి, వానలో వెన్న. అంతకుముందు వానాకాలం వస్తే రెండు జీపులూ గొడ్లసావిట్లో పడుండేవి, గంపలు పడవల మీద చుట్టు తిరిగి పోయేవి. ఆ ఏడు బావగారి బండి బురదలో ఈదుకుంటూ అవతల తేలింది. దాని వెనకే బయలుదేరిన మా బండి ఇరుసు దాకా దిగబడింది. ఎడ్లని కట్టి లాగించారు. గట్టు మీద నాట్లకి పోతున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్విన వాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ మర్నాడు నాన్న అల్లుళ్ళిద్దరికీ భోజనం పెట్టించి, చెయ్యి కడుక్కుంటూ తేల్చి చెప్పేశాడు. వానాకాలం గంపలన్నీ పెద్దల్లుడి బండికే. మా ఆయన తల ఊపారు. నేను ఊపలేదు. వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పడేసి, నేను మాత్రం నీ కూతుర్ని కానా అని అడిగేశాను. నాన్న నన్ను కోప్పడలేదు. "బురదకి ఎవరు ఎవరి కూతురో తెలీదమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన నెమ్మదిగా అసలు మాట చెప్పారు. వానాకాలమంతా గంపలు లేకపోతే బండి నిలబెట్టుకోలేం. అమ్మేసి, తణుకులో ఎవరిదో లారీ ఉంది, డ్రైవరుగా రమ్మంటున్నారు, పోతాను అన్నారు. పోతే నెలకోసారి ఇంటి మొహం చూస్తారు. బండి పోతుంది, మనిషీ పోతాడు, వీధి అవతల అక్క బండి మాత్రం రోజూ హారను కొడుతూ పోతుంది. అది తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు. బండి అమ్మడానికి వీల్లేదు, మనమూ అవే టైర్లు వేద్దాం అన్నాను.

నాన్న దగ్గరికి మళ్ళీ నేనే వెళ్ళాను. మాకూ టైర్లొచ్చాక ఒక్క ట్రిప్పు ఇచ్చి చూడు, ఏలూరు రైలుకి అందిస్తే సగం గంపలు మావి, లేకపోతే మళ్ళీ అడగను అన్నాను. నాన్న బాగుచేసుకుంటున్న వల పక్కన పెట్టి సరేనన్నాడు.

టైర్లు దొరకడం కష్టం కాలేదు. గూడెంలో పాత విమానాల మైదానం పక్కన షెడ్డులో మిలిటరీ సామాను అమ్మేవాడి దగ్గర అలాంటివే ఉన్నాయి. నా మెళ్ళో గొలుసు వాటిలో కలిసిపోయింది, దాని గురించి నాకు బాధ లేదు. చిక్కు వేరే చోట వచ్చింది. ఆ టైరు మా పాత రిమ్ముకి పట్టదు, వెడల్పు రిమ్ము కావాలి. వెడల్పు రిమ్ము తెచ్చాక దాని మధ్యలో బోల్టులు బిగించే రేకుని, డిస్కంటారు దాన్ని, ఎక్కడో ఒకచోట పెట్టి వెల్డింగు చెయ్యాలి. ఎక్కడ? ఎంత లోతున? గూడెం మెకానిక్కు అదే అడిగాడట. లారీలకైతే చేశాను గానీ జీపుకి ఎప్పుడూ చెయ్యలేదండి, నడుస్తున్న బండి కొలత ఏదైనా పట్రండి అన్నాడట.

మా ఆయన ఆ సాయంత్రం మూకుడు బోర్లించి పెట్టి నాకు అంతా విడమర్చి చెప్పారు. నన్ను కూర్చోబెట్టి బండి సంగతులు చెప్పడం ఆయనకి అలవాటు. రిమ్ము లోపలి అంచు నుంచి డిస్కు దాకా లోతు ఎక్కువైతే చక్రం బండి కిందకి జరుగుతుంది, అప్పుడు టైరు వెళ్ళి కమాను కట్టలకి, అంటే బండి కిందుండే స్ప్రింగు పట్టీలకి, రాసుకుంటుంది. లోతు తక్కువైతే చక్రం బయటికి వచ్చేస్తుంది. అప్పుడు బరువంతా బేరింగుల మీద పడి అవి అరిగిపోతాయి, స్టీరింగు చేతిని విరగతోస్తుంది. రెంటికీ మధ్యన పట్టుకోవాలి.

బావగారిని అడగలేకపోయారా అన్నాను. అడిగారట. "అదో లెక్కలే తమ్ముడూ" అని నవ్వి భుజం తట్టి వెళ్ళిపోయారట బావగారు. భుజం తట్టారట! ఆ తట్టడం నా వీపు మీద చరిచినట్టయింది. మీరు ఊరుకోండి, ఆ లెక్క నేను తెచ్చిపెడతాను అన్నాను.

నాకెందుకు అంత ధైర్యమంటే, లోతు కొలవడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని. చేపల గంపలు అల్లి తెచ్చేవాళ్ళు ఒక్కోసారి లోతు తగ్గించేస్తారు, లోతు తగ్గితే ఐసు పట్టదు, చేప కలకత్తా చేరేసరికి కంపు కొడుతుంది. అందుకని ప్రతి గంప మూతి మీదా వెదురుబద్ద అడ్డం పెట్టి, బద్ద దగ్గర్నుంచి అడుగు దాకా చీపురుపుల్ల దింపి, బద్దకి తగిలిన చోట పుటుక్కున విరిచి చూస్తాం. పాత పుల్ల పక్కన పెడితే ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. పదేళ్ళ వయసు నుంచీ చేస్తున్నాను. నా కొలత తప్పిందన్నవాళ్ళు లేరు.

రెండ్రోజులకి దొరికింది సందు. బావగారి స్టెప్నీ చక్రం, అదీ కొత్త చక్రాల్లోదే, పంచరై, గాలి పెట్టించి తెచ్చి అరుగు మీద పడేసి ఉంది. లోపలి వైపు పైకి. బావగారు రేవులో ఉన్నారు, అక్క పెరట్లో చేపలు తోముతోంది. నేను బద్ద చెంగు కింద పెట్టుకుని వెళ్ళాను. చక్రం మీద బద్ద అడ్డం పెట్టాను, పుల్ల దింపాను, విరిచాను, కొప్పులో దోపుకున్నాను. ఎంతసేపు, రెప్పపాటు. తర్వాత అప్పుడే వచ్చినదానిలా, అక్కా కాస్త చింతపండుంటే పెడతావా అని పెరట్లోకి వెళ్ళాను. అక్క చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి తెచ్చింది. ఎప్పుడూ పెట్టేదానికంటే ఎక్కువే పెట్టింది.

ఆ పుల్ల చొక్కా జేబులో పెట్టుకుని మా ఆయన గూడెం వెళ్ళారు. వెల్డింగయ్యి, చక్రాలు బిగించి, స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూసినప్పుడు మెకానిక్కు గొణిగాడట, కమాను దగ్గర సందు బొత్తిగా తక్కువ ఉందండీ అని. మా ఆయన ఒప్పుకోలేదు. మా తోడల్లుడిగారి బండి ఇదే కొలత మీద బురదలో పరుగెడుతోంది, కొలిచింది మా ఆవిడ అన్నారట. గూడెం నుంచి ఏలూరు దాకా తారు రోడ్డు, వాన తెరిపిచ్చి గట్టూ ఆరి ఉంది, తిన్నగా వచ్చేశారు, ఎక్కడా ఏమీ తగల్లేదు.

బండి వాకిట్లోకి రాగానే నేను చుట్టూ తిరిగి చూశాను. టైర్లు బావగారివంత పెద్దవే. కానీ చక్రాలు బయటికి పొడుచుకురాలేదు, మడ్‌గార్డుల కింద ఒద్దికగా సర్దుకుని కూర్చున్నాయి. ఒకే కొలతైతే ఆ బండి అలా, ఈ బండి ఇలా ఎందుకుందో నాకు తోచాలి. తోచలేదు. మనదే అందంగా ఉందని మాత్రం తోచింది. నాలుగిళ్ళ వాళ్ళనీ పిలిచి చూపించాను. అక్క రాలేదు. కుళ్ళుకుంటోందిలే అనుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

నాన్న మాట ప్రకారం మా ట్రిప్పు వచ్చింది. ముసురు పట్టి గట్టంతా పేడ అలికినట్టుంది. ముందు మా బండి పోవాలి, వెనక బావగారి బండి, అందులో నాన్న. మా బండిలో ముందు సీట్లో నేను. నువ్వెందుకమ్మా అన్నాడు నాన్న. నేను వస్తానన్నాను. మా ఆయన ఎప్పుడూ నన్ను రావద్దన్న మనిషి కాదు.

మొదట్లో బ్రహ్మాండంగా పోయింది. టైర్లు బురదని పట్టి పట్టి లాగుతుంటే నాకు ఆనందంతో నవ్వొచ్చేస్తోంది. నాట్లకి పోయే ఆడవాళ్ళు పక్కకి జరిగారు. నేను వాళ్ళ వంక చూడలేదు, చూడనట్టు చూశాను. తూము దగ్గర గట్టు బాగా వంపు తిరుగుతుంది. అక్కడ మా ఆయన స్టీరింగు తిప్పేసరికి కింద గరగరమని చప్పుడైంది. ఆయన మొహం మారింది. టైరుకీ కమానుకీ మధ్యన ఉన్న ఆ ఇరుకు సందులో కొల్లేటి మట్టి దూరి, కూరుకుని, మేకు కొట్టినట్టు బిగిసిపోయింది. ముందు చక్రం తిరగడం మానేసింది. వెనక చక్రాలు తోస్తుంటే బండి పక్కకి జారి గట్టుకి అడ్డంగా నిలబడిపోయింది. ఇక మేము పోలేం, మా వెనకున్నవాళ్ళూ పోలేరు.

బావగారు దిగొచ్చారు. పంచె ఎగ్గట్టి బురదలో పడుకుని, ఆ సందులో చెయ్యి పెట్టి చూశారు. వేలు దూరడం లేదు. ఏ కొలత పెట్టించావు తమ్ముడూ అన్నారు. మా ఆయన నా వంక చూడనైనా చూడకుండా, పెట్టించానండి అన్నారు. నేనే ఉండబట్టలేక, నేను కొలిచాను అన్నాను. ఎక్కడ కొలిచానో చెప్పలేదు. బావగారు లేచి నిలబడి పెద్దగా నవ్వారు.

"ఆడవాళ్ళు కొలిచిన కొలతకి చక్రాలు చేయించుకుంటారా తమ్ముడూ ఎవరైనా?"

"మా ఇంట్లో కొలతలన్నీ ఆవిడవేనండి" అన్నారు మా ఆయన, మామూలుగా, ఉప్పెక్కడుందో చెప్పినట్టు.

గడ్డపారతో మట్టి పొడిచి తీసి, తాడు కట్టి వెనక్కి లాగి, మా గంపలు బావగారి బండిలోకి ఎక్కించేసరికి రైలు వేళ దాటిపోయింది. చేపలు ఏలూరు బజార్లో అయినకాడికి అమ్ముకున్నారు.   తిరిగొచ్చేటప్పుడు నాన్న పెద్దల్లుడి పక్కన కూర్చుని, మా ఇంటి ముందు నుంచి పోతూ తల కూడా తిప్పలేదు. మా ఆయన ఆ రాత్రి తణుకు వాళ్ళకి కబురు పంపుతానన్నారు. పంపండి అన్నాను. 

పొద్దున్నే బావిదగ్గర ఎవరో చెప్పారు, బావగారు రచ్చ మీద అందరికీ చెప్పి నవ్వుతున్నారట, పెళ్ళాం చీపురుపుల్లకి చక్రాలు కట్టించుకున్నాడు అని. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపంతో తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాను. ఆవిడ మీద ఎందుకంటే, ఇంకెవరి మీద? బావగారి మీద నోరు చేసుకోలేను, నాన్న మీద చేసుకుని ఏం లాభం? మీ ఆయన నవ్వులతో కడుపు నిండిందా, మా సంసారం బజార్న పడేశారు, ఇక హాయిగా ఉండండి అని అరిచాను. అక్క వత్తులు చేసుకుంటూ అంతా విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అంది.

"నువ్వు కొలుస్తుంటే చూశానే. పెరట్లోంచి కనబడుతూనే ఉంది. బద్ద టైరు మీద పెట్టావు. రిమ్ము మీద కదా పెట్టాల్సింది."

 గంపకి పైనున్నదే మూతి. చక్రానికి అలా కాదు. ఇనప రిమ్ము అంచు కన్నా రబ్బరు ఉబ్బి పైకి ఉంటుంది, ఆ ఉబ్బు కూడా కలిపి కొలిచేశాను నేను. ఆ ఉబ్బంత మేరా మా చక్రాలు లోపలికి పోయి కూర్చున్నాయి. 

"చూసి మరి చెప్పలేదేం?"

"చెబితే మీ బండి బాగుపడేదిగా" అంది అక్క.

వత్తి చేస్తున్న చెయ్యి ఆపకుండా అంది. నేను అరుగు మీద కూలబడ్డాను. ఎన్నో రకాల దెబ్బలాటలు ఆడుకున్నాం మేమిద్దరం, ఎప్పుడూ ఆవిడ అలాంటి మాట అనలేదు. అలాంటివన్నీ అనేదాన్ని నేనే. అన్నీ నీకే ముందొచ్చాయి కదే, నా మీద నీకు కుళ్ళేమిటి అని అడిగాను. అక్క వత్తులు పక్కన పెట్టింది.

"ఆ బండి కొని ఇన్నేళ్ళయింది. ఒక్కనాడు ఎక్కమన్నారా నన్ను? చేపల బండిలో ఆడదానికేం పనంటారు. మీ ఆయన నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని పోతుంటే రోజూ ఈ గుమ్మంలోంచి చూస్తున్నాను. పైగా నువ్వు కొలిచిన కొలతకి చక్రాలే కట్టించాడట. మా ఆయన అది చెప్పి పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు."

జాలిపడవలసిన చోటే అది. నాకు ముందు వచ్చింది సంతోషం. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి నా దగ్గర ఉన్నది చూసి ఆవిడ కుళ్ళుకుంది, ఆ సంగతి ఒంట్లోకి కాఫీ దిగినట్టు వెచ్చగా దిగింది. జాలి ఆ తర్వాత వచ్చింది.

అక్క లేచి వెళ్ళి చిన్న బద్ద ఒకటి తెచ్చింది. అరుగు మీది స్టెప్నీ చక్రం దగ్గర కూర్చుని, ఆ బద్దని రబ్బరు లోపలికి దింపి, ఇనప అంచుల మీద ఆనేలా పెట్టింది. పుల్ల దింపింది. విరిచేముందు ఒక్క క్షణం ఆగి, అర వేలు ఎక్కువ ఉంచి విరిచింది. బావగారు మరీ బయటికి పెట్టించారంది. రెండు నెలలు తిరక్కుండా బేరింగులు మారుస్తున్నారట, స్టీరింగుతో కుస్తీపట్టి వస్తే రోజూ ఆయన మణికట్లకి ఆముదం రాసేది తనే. ఆ చప్పుడు వింటే బేరింగు ఎప్పుడు పోతుందో వంటింట్లోంచి చెప్పగలనంది. చెబితే వినేవాళ్ళు లేరు. అర వేలు లోపలికి పెట్టించుకోండి, మట్టికి సందుంటుంది, బేరింగులూ నిలుస్తాయి అని పుల్ల నా చేతిలో పెట్టింది.

మా ఆయనకి నేను అంతా చెప్పాను. ఎవరి కొలతో కూడా చెప్పాను. దాచిపెట్టి నా పేరు మీద చెలామణీ చేద్దామని ఒక ఘడియ అనిపించింది గానీ, మళ్ళీ తేడా వస్తే ఈసారి ఆవిడ మీదకి తోసేయొచ్చని చెప్పేశాను. ఆయన ఆ పుల్ల తీసుకుని గూడెం వెళ్ళి, డిస్కులు కోయించి మళ్ళీ వెల్డింగు చేయించుకొచ్చారు. ఈసారి చక్రాలు మడ్‌గార్డుల అంచుకి సరిగ్గా వచ్చి నిలబడ్డాయి. ఎవర్నీ పిలిచి చూపించలేదు నేను.

నాన్న మళ్ళీ ట్రిప్పు ఇవ్వనన్నాడు. ఆడిన మాట ప్రకారం నేనూ అడగలేదు. తణుకు ప్రయాణానికి మా ఆయన బట్టలు ఉతికి ఆరేశాను. అవి ఆరకముందే, రేవులో గంపలన్నీ ఐసు పోసి సిద్ధంగా ఉన్న ఒక పొద్దున, బావగారి బండి ముందు చక్రం బేరింగు మా వీధి చివరే అరుచుకుంటూ ముక్కలైంది. చక్రం వంకరపోయి కూర్చుంది. ఐసు కరిగిపోతోంది. నాన్న పరుగులాంటి నడకతో మా వాకిట్లోకి వచ్చి, బండి తియ్యవయ్యా అన్నాడు మా ఆయనతో. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా వంక చూడలేదు. చూడకపోయినా పర్వాలేదనిపించింది.

ఆ రోజు తూము దగ్గర వంపులో మట్టి టైరుకి అంటుకుని, మళ్ళీ దానంతటదే ఊడి పడింది. రైలుకి గంపలన్నీ అందాయి. నాన్న స్టేషన్లో మా ఆయనకి సోడా ఇప్పించాడట. బావగారి బండి బాగయ్యాక కూడా సగం గంపలు మాకే ఉంచాడు. తణుకు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రైలుకి అందించిన మర్నాడు గంపలు వేసుకుని మేము బయలుదేరాం. ముందు సీట్లో నేను. అక్క ఇంటి ముందుకి రాగానే నెమ్మదిగా పోనివ్వండి అన్నాను, ఎందుకో మీకు తెలుసు. అక్క గుమ్మంలోనే ఉంది. చేతిలో చేట. మమ్మల్ని చూసి చూపు దించుకుని చెరిగిన బియ్యమే మళ్ళీ చెరుగుతోంది. అది చూసేసరికి నాకేమైందో తెలియదు, ఆపండి అన్నాను. దిగాను. బావగారు ఇంట్లో లేరు. అక్కా, ఎక్కు, ఏలూరు చూసొద్దాం అన్నాను. వద్దే, మీ బావగారు ఏమంటారో అంది. ఏమంటే అది పడదాం, ఎక్కు అని చేట లాక్కుని అరుగు మీద పెట్టాను.

ముందు సీట్లో ఒక్కరికే చోటు. ఆవిడని అక్కడ కూర్చోబెట్టి నేను వెనక గంపల మధ్య ఇరుక్కున్నాను. బండి కదలగానే అక్క రెండు చేతులతో ముందున్న ఇనప కమ్మీ పట్టుకుని, చిన్నపిల్లలా కిసుక్కున నవ్వింది. ముప్పై ఏళ్ళ మనిషి. చెంగు గాలికి ఎగిరి వచ్చి నా మొహం మీద పడుతోంది. ఐసు నీళ్ళు నా వీపు మీద కారుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, మంచి ఏడుపే.

తూము దాటాక మా ఆయన అడిగారు, స్టీరింగు తేలిగ్గానే ఉంది గానీ ఎడంపక్క చిన్న చప్పుడొస్తోంది, మీకేమైనా వినబడుతోందా వదినగారూ అని. అక్క తల వంచి విన్నది. కమాను బోల్టు వదులైనట్టుందండీ, బేరింగు చప్పుడు కాదంది. ఆయన బండి ఆపి దిగి చూశారు. బోల్టే. బిగించి వచ్చి కూర్చుని, ఆవిడ వంక ఎంత మర్యాదగా చూశారో! ఇక మొదలెట్టారు ఇద్దరూ. గ్రీజు ఎప్పుడు మార్చాలి, వానలో గాలి ఎంత ఉంచాలి, గూడెంలో వెల్డింగు మంచిదా బెజవాడలో మంచిదా. ఆవిడ చెబుతోంది, ఆయన ఊఁ కొడుతున్నారు. మూకుడు బోర్లించి నాకు చెప్పినవన్నీ ఆవిడకి చెబుతున్నారు, ఆవిడ వాటికి జవాబు కూడా చెబుతోంది. నేను మధ్యలో రెండు మాటలు అన్నాను. ఇంజను మోతలో వినబడలేదేమో.

ఏలూరు పొలిమేరలో మా ఆయన అన్నారు, "ఇకనించీ మా బండి కొలతలు కూడా మీరే చూడాలి వదినగారూ" అని.

"అలాగేనండీ" అంది అక్క.